అమ్మతో కెన్యా ప్రయాణం: ఎల్లో ఫీవర్ టీకా సెంటరు, ట్రావెల్ క్లినిక్, ఇన్సూరెన్సు.. మార్కులతో సహా నా రివ్యూ

ముందు మార్కులు ఇచ్చేస్తా, ఓపిక ఉన్నవాళ్ళు కింద చదువుకోండి. గవర్నమెంటు టీకా సెంటరుకి 5కి 4.5, ప్రైవేటు ట్రావెల్ క్లినిక్‌లో డాక్టరు గారికి 5, అదే క్లినిక్‌లో బయట కూర్చునే డెస్కు వాళ్ళకి 2, ట్రావెల్ ఇన్సూరెన్సుకి 3, మా టికెట్ల ఏజెంటుకి సున్నా. పేర్లు మాత్రం రాయట్లేదు, ఎవరినీ బజారుకి ఈడ్చే ఉద్దేశం లేదు, ఆ డాక్టరు గారు రేపు వేరే చోటికి మారిపోతే ఈ రివ్యూ చదివి వెళ్ళినవాళ్ళు నన్ను తిట్టుకుంటారు అదొకటి.

అన్నయ్య నైరోబీలో అకౌంట్స్ ఉద్యోగం చేస్తాడు, వదినకి రెండో పాప పుట్టింది, అమ్మని తీసుకుని 24 రోజులు వెళ్ళొచ్చాం. అమ్మకి 63, షుగర్, బీపీ, థైరాయిడ్ మూడూ ఉన్నాయి, తెనాలి దాటి ఎక్కువ తిరిగింది కూడా లేదు, కాశీ ఒకసారి, షిర్డీ రెండుసార్లు. అలాంటి మనిషిని ఆఫ్రికా తీసుకెళ్ళాలంటే నాకు వీసా టికెట్లకంటే ఈ మందులూ టీకాల గొడవే ఎక్కువ భయం పెట్టింది.

అందరూ ఎక్కడ తప్పు అర్థం చేసుకుంటున్నారంటే, నేనూ మొదట అలాగే అనుకున్నా, ఎల్లో ఫీవర్ కార్డు (టీకా వేయించుకున్నట్టు ఇచ్చే పసుపు రంగు చిన్న పుస్తకం) లేకపోతే కెన్యా వాళ్ళు లోపలికి రానివ్వరు అని. కాదండీ. మన దేశంలో ఎల్లో ఫీవర్ లేదు కాబట్టి ఇక్కడి నుంచి నేరుగా వెళ్ళేవాళ్ళని కెన్యా ఆ కార్డు అడగదు, ఆ జబ్బున్న దేశాల మీదుగా వెళ్తేనే అడుగుతారు. అడిగేది మనవాళ్ళు, మనం తిరిగొచ్చేటప్పుడు! కెన్యా మన ప్రభుత్వం లిస్టులో ఉంది, అక్కడి నుంచి వచ్చేవాళ్ళ దగ్గర కార్డు లేకపోతే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. అంటే ఆ పసుపు పుస్తకం వెళ్ళడానికి కాదు, ఇంటికి రావడానికి. ఎందుకింత పట్టుదల అంటే ఆ వైరస్‌ని మోసే ఈడిస్ దోమ మన దగ్గర ఇంటింటికీ ఉంది, డెంగ్యూ తెచ్చేది అదే కదా, మన పూలకుండీల్లో కూలర్లలో హాయిగా బతుకుతోంది. దోమ రెడీగా ఉంది, టీకా లేని జనం కోట్లలో ఉన్నారు, వైరస్ ఒక్కటే లేదు. అది ఎవరి ఒంట్లోనో విమానం దిగితే ఏమవుతుందో ఊహించుకోండి.

ఇది తెలిసాక ఏజెంటు మాట విన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. "పెద్దావిడకి టీకా ఎందుకు మేడం రిస్కు, నేను కార్డు ఇప్పిస్తా, స్టాంపుతో సహా, మూడు వేలు అవుద్ది" అన్నాడు, ఏదో సినిమా టికెట్టు బ్లాకులో ఇప్పిస్తున్నట్టు. అసలు సూది వెయ్యకుండా కార్డా! మన దేశంలోనైతే కేంద్ర ఆరోగ్య శాఖ గుర్తించిన సెంటర్లలో వేసిన టీకాకే కార్డు చెల్లుతుంది, ఆ లిస్టు వాళ్ళ సైట్‌లోనే ఉంటుంది, ఇంకెక్కడి కార్డైనా చిత్తు కాగితంతో సమానం. సున్నా మార్కులు ఇందుకే, ఇంకో కారణం కూడా ఉంది, కిందకి వస్తుంది.

మొదట ప్రైవేటు ట్రావెల్ క్లినిక్‌కి వెళ్ళాం. ఏసీ, సోఫాలు, గోడ మీద ప్రపంచ పటం, అంతా బాగుంది. కూర్చోగానే డెస్కులో అమ్మాయి లామినేషన్ చేసిన కాగితం ఒకటి చేతిలో పెట్టింది, "ఆఫ్రికా ప్యాకేజీ" అట, ఏడు టీకాలు, ఇద్దరికీ కలిపి తీసుకుంటే డిస్కౌంటు. పెళ్ళి కేటరింగ్ మెనూలా ఉంది. మేం ఎక్కడికి వెళ్తున్నామో, ఎన్నాళ్ళుంటామో అడక్కుండానే ఏడు ఎలా తేల్చారు అంటే "అందరూ ఇదే తీసుకుంటారు మేడం" అంది. ఆ రెండు మార్కులు కూడా మంచినీళ్ళు ఇచ్చినందుకు.

లోపల డాక్టరు గారు మాత్రం వేరే లెవెల్. ఆ ప్యాకేజీ కాగితం పక్కన పెట్టేసి "మీ ప్రోగ్రాం రోజులవారీగా చెప్పండమ్మా" అన్నారు. నేను ఫోన్లో చూసి చెప్తుంటే పెన్నుతో రాసుకున్నారు, 24 రోజుల్లో ఎక్కువ భాగం నైరోబీ, 13వ రోజు నుంచి 15 దాకా మసాయి మారా అభయారణ్యం, 18 నుంచి 21 దాకా సముద్రం ఒడ్డున మొంబాసా. అప్పుడు విడమర్చి చెప్పారు. నైరోబీ దగ్గర దగ్గర 1,800 మీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి అక్కడ మలేరియా తక్కువ, మారా, మొంబాసా వైపు ఎక్కువ, కాబట్టి మందు ఆ రోజుల లెక్కన వాడాలి. టైఫాయిడ్ వేయించుకోండి, పాపాయి ఉన్న ఇల్లు, నీళ్ళు మారతాయి, ఒక్క డోసు చాలు అన్నారు. మాకు వేసింది మన హైదరాబాద్ షామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ తయారుచేసే టైప్‌బార్ టీసీవీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రీక్వాలిఫికేషన్ (నాణ్యత పరీక్షించి ఇచ్చే ఆమోదం) వచ్చిన మొదటి టైఫాయిడ్ కాంజుగేట్ టీకా (క్రిమి పైపొర ముక్కని ఒక ప్రోటీన్‌కి అతికించి చేసే రకం) అదే. మన పక్కనే తయారవుతున్నదాన్ని ఆఫ్రికా పేరు చెప్పి వేయించుకోవాల్సి వచ్చింది చూడండి. ఏడులో రెండు తప్ప అన్నీ కొట్టేశారు. రేబిస్ గురించి అడిగితే కోతుల దగ్గరికీ కుక్కల దగ్గరికీ వెళ్ళకండి, గీరినా కరిచినా సబ్బుతో పావుగంట కడిగి అదే రోజు ఆస్పత్రికి వెళ్ళండి, ఇది హైదరాబాద్‌లో కూడా అంతే అన్నారు. అరగంట మాట్లాడారు, ఒక్కసారి కూడా గడియారం చూడలేదు.

ఎల్లో ఫీవర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగారు. అది బతికున్న వైరస్‌ని బలహీనపరిచి చేసిన టీకా, 1930లలో మాక్స్ థైలర్ తయారుచేసిన 17డీ రకమే ఇప్పటికీ నడుస్తోంది, దానికే ఆయనకి 1951లో నోబెల్ వచ్చింది, చాలా మంచి టీకా, కానీ 60 దాటినవాళ్ళకి మొదటిసారి వేసేటప్పుడు చాలా అరుదుగా తీవ్రమైన ఇబ్బంది రావొచ్చు, కాబట్టి అమ్మగారిని రోజూ చూసే డాక్టరుతో ఒక ఉత్తరం తెచ్చుకుని గవర్నమెంటు సెంటరుకి వెళ్ళండి, మేం ఇక్కడ అది వెయ్యం అన్నారు. వెయ్యలేని దాన్ని వేస్తామని చెప్పకపోవడం కూడా నాకు నచ్చింది, డెస్కు మెనూలో అది కూడా రాసి ఉంది మరి!

ఉత్తరం కోసం నాలుగు రోజులు పోయాయి, మా ఫ్యామిలీ డాక్టరు ఊళ్ళో లేరు. ఆయన వచ్చాక అమ్మ షుగర్ రిపోర్టులు చూసి, స్టెరాయిడ్లు, క్యాన్సర్ మందులు ఏమీ వాడట్లేదని రాసి, మారా వైపు వెళ్తున్నారు కాబట్టి వేయించుకోవడమే మంచిది అని తేల్చారు. నైరోబీలోనే ఉండి వచ్చేస్తే జబ్బు రిస్కు ఏమంత లేదు గానీ కార్డు గొడవ ఎలాగూ ఉంటుంది అన్నారు.

ఇక అసలు సెంటరు. గవర్నమెంటు అనగానే మనకో భయం ఉంటుంది కదా, నేను ఇంటి నుంచి పులిహోర, మజ్జిగ సీసా, విసనకర్రతో సహా వెళ్ళా. ఆ టీకా వారంలో అన్ని రోజులూ వెయ్యరు, ఎందుకంటే ఒక్క సీసాలో 5 లేదా 10 డోసులు ఉంటాయి, పొడిలో నీళ్ళు కలిపాక 6 గంటల్లో వాడెయ్యాలి, మిగిలితే పారబొయ్యాలి, అందుకని జనాన్ని పోగేసి వేస్తారు. టోకెన్ పద్ధతి. మేం ఏడున్నరకి వెళ్తే మాకు 14, 15 వచ్చాయి. ఫీజు చెప్తే నమ్మరు, ప్రైవేటు క్లినిక్‌లో కట్టిన కన్సల్టేషన్ కంటే తక్కువ. క్యూలో ఎవరెవరున్నారో, నైజీరియా వెళ్ళే కుర్రాళ్ళు, ఉగాండాలో ఫార్మా కంపెనీకి వెళ్తున్న వరంగల్ ఆయన, ఐక్యరాజ్య సమితి దళంలో వెళ్తున్న జవాను, ఒక సిస్టరమ్మ. అమ్మ పదిన్నర అయ్యేసరికి అందరి ఊళ్ళూ పేర్లూ కనుక్కుని వరంగల్ ఆయనకి పులిహోర కూడా పెట్టేసింది.

లోపల లేడీ డాక్టరు, చాలా ఓపిక. ప్రశ్నలు మొదలయ్యాయి.

"థైమస్ గ్రంథికి ఎప్పుడైనా జబ్బు గానీ ఆపరేషన్ గానీ అయిందా అమ్మా?"

"థైరాయిడ్ ఉందండీ, రోజూ పొద్దున్నే పరగడుపున మాత్ర వేసుకుంటా."

"థైరాయిడ్ కాదమ్మా, థైమస్, ఇక్కడ గుండెకి పైన ఉంటుంది."

"అదెప్పుడు వచ్చిందే నాకు?" అని నా వైపు తిరిగింది. లేదని నేను చెప్పా.

"కోడిగుడ్డు పడుతుందా? అలర్జీ ఏమన్నా?"

"అయ్యో, మేం గుడ్డు ముట్టుకోమండీ, శాకాహారులం."

డాక్టరు గారు నవ్వారు, తినడం మానడం కాదమ్మా, తింటే దద్దుర్లు, ఆయాసం వస్తాయా అని అడుగుతున్నా, ఈ టీకా కోడిగుడ్డు పిండంలో పెంచుతారు కాబట్టి అడగాలి అన్నారు. అయిపోయింది. అమ్మ మొహం మారిపోయింది. "గుడ్డులో చేసిన మందా? ముందు చెప్పవేమే?" నాకేం తెలుసు అప్పుడు! బయట 16, 17 టోకెన్లు వాళ్ళు తొంగి చూస్తున్నారు, ఈవిడేమో కొంగు సర్దుకుని లేవబోతోంది. డాక్టరు గారు అస్సలు విసుక్కోలేదు, "మనవడి పుట్టినరోజుకి కేకు తిన్నారా ఎప్పుడైనా?" అన్నారు. అమ్మ నా వైపు చూసి, గోడ వైపు చూసి, "రెండుసార్లు.. చిన్న ముక్క" అంది. "ఏమన్నా అయిందా?" "ఏం కాలేదు." "ఫ్లూ ఇంజెక్షన్ ఎప్పుడైనా?" "పోయిన ఏడు వేశారు." "అది కూడా గుడ్డులోదే ఎక్కువగా, అదీ పడింది కదా, మందుకి మడి లేదమ్మా, చెయ్యి ఇవ్వండి." చెయ్యి ఇచ్చింది. నలభై ఏళ్ళ నుంచి నాన్నగారు చెప్తే వినని మనిషి! ఇంట్లో గుడ్డు వెయ్యని కేకే ఆర్డర్ చేస్తాం, మరి ఆ చిన్న ముక్కలు ఎవరింట్లో తిన్నదో నాకిప్పటికీ చెప్పలేదు.

అర మిల్లీలీటరు, చర్మం కింద, చిన్న సూది, అంతే. తర్వాత అరగంట అక్కడే బల్ల మీద కూర్చోబెట్టారు. 4.5 ఇచ్చింది ఈ ఓపికకే. ఆ అర మార్కు ఎందుకు పోయిందంటే కార్డు దగ్గర. మన తెలుగోళ్ళ ఇంటిపేరు గొడవ తెలిసిందే కదా, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఇక్కడ అలవాటుగా ఒక్క ఇనీషియల్ వేసి పేరు రాసేశారు. నేను అక్కడే పాస్‌పోర్టు పక్కన పెట్టి అక్షరం అక్షరం సరిపోల్చా కాబట్టి దొరికింది. కార్డు రాసే ఆయన పెన్నుతో దిద్దబోతే ఆపా, ఆ కార్డు మీదే ప్రింటు చేసి ఉంటుంది, దిద్దినా చెరిపినా ఏ గడి ఖాళీగా ఉన్నా చెల్లకపోవచ్చు అని. ఒక నిమిషం గొణిగి కొత్త పుస్తకం ఇచ్చారు. పేరు, పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ, టీకా బ్యాచ్ నంబరు, డాక్టరు సంతకం, సెంటరు ముద్ర, అన్నీ చూసుకున్నాకే బల్ల మీంచి లేవండి, ఇంటికి వెళ్ళాక చూసుకుంటే మళ్ళీ అదే క్యూ.

ఆ కార్డు టీకా వేసిన 10 రోజుల తర్వాత నుంచి చెల్లుతుంది. అప్పట్లో పదేళ్ళే ఉండేది గానీ 2016 జూలై నుంచి జీవితాంతం చేశారు, అన్నయ్య పాత కార్డు కూడా అందుకే ఇంకా పనికొస్తోంది. మా లెక్కలో ఏమైందంటే, ఉత్తరం, టోకెన్ల ఆలస్యంతో టీకా వేయించుకునేసరికి ఫ్లైటు 8 రోజులే ఉంది. ఇది తెలిసి ఏజెంటు ఒకటే గోల, కార్డు చెల్లదు, టికెట్ మార్చాలి, మనిషికి ఇంత చార్జీ అని. ఇదిగో ఇదే ఆ రెండో కారణం. నేను కాగితం మీద రాసుకున్నా: మేం వెళ్ళేది ముంబై నుంచి నేరుగా నైరోబీ, మధ్యలో ఇంకే దేశమూ లేదు, కాబట్టి వెళ్ళేటప్పుడు కార్డు అడగరు. తిరిగొచ్చేసరికి టీకా వేసి నెల దాటుతుంది. మారా వెళ్ళేది 13వ రోజు, అప్పటికి ఒంట్లో రక్షణ కూడా వచ్చేసి ఉంటుంది. మరి ఎందుకు మార్చాలి? మార్చలేదు. ట్రావెల్ క్లినిక్ డాక్టరు గారికి ఫోన్ చేసి ఒకసారి ఖాయం చేసుకున్నా, ఫోన్‌కి ఫీజు అడగలేదు. అలాగని మీరు నాలాగా చివరి నిమిషంలో చెయ్యకండి, ఇథియోపియాలోని అడిస్ అబాబా లాంటి చోట (ఆ దేశంలోనూ ఎల్లో ఫీవర్ ఉంది) దిగి ఎక్కే టికెట్ అయితే లెక్క మొత్తం మారిపోతుంది, నెల ముందే కానిచ్చుకోండి. అమ్మకి మూడో రోజు కొంచెం ఒళ్ళు వెచ్చబడి నొప్పులు వచ్చాయి, రెండు రోజుల్లో పోయాయి. ఆ రెండు రోజులూ ఇంట్లో దేనికైనా "ఆ గుడ్డు మందు వల్లే" అంది, కుక్కరు విజిల్ రాకపోయినా అదే.

మలేరియాకి డాక్సీసైక్లిన్ 100 రాశారు, రోజుకొకటి. మారా వెళ్ళడానికి రెండు రోజుల ముందు మొదలెట్టి, మొంబాసా వదిలాక ఇంకా 4 వారాలు, అంటే మనిషికి 39 బిళ్ళలు. మా వీధి మందుల షాపు అతను చీటీ చూసి పది ఇచ్చి "జ్వరానికి ఐదు రోజులు చాలక్కా" అన్నాడు. జ్వరం రాకుండా తమ్ముడూ అంటే వింతగా చూశాడు. అమ్మ విషయంలో ఒక మెలిక, ఆవిడ మధ్యాహ్నం కాల్షియం బిళ్ళ వేసుకుంటుంది, రెండూ కలిసి పడితే డాక్సీ ఒంటికి పట్టదు, కాబట్టి ఇది రాత్రి భోజనం తర్వాత. పైగా ఇది గుక్కెడు నీళ్ళతో మింగి పడుకుంటే గొంతు దగ్గర ఆగి మంట పుడుతుంది, గ్లాసు నిండా నీళ్ళు తాగి కాసేపు కూర్చోవాలి, ఎండలో చర్మం తొందరగా కమిలిపోతుంది అదొకటి. అమ్మకి మంచం మీద కూర్చుని మాత్ర మింగి వెంటనే వాలిపోయే అలవాటు, దాన్ని మాన్పించడానికి నేను రోజూ అరగంట ఊరి కబుర్లు చెప్పాల్సి వచ్చింది. మలేరియా క్రిమి దోమ ఒంట్లో ఉంటుందని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లోనే కనిపెట్టాడు తెలుసా అని ఒక రాత్రి చెప్తే "కనిపెట్టి ఏం లాభం, ఇప్పటికీ కుడుతూనే ఉందిగా" అని దుప్పటి కప్పుకుంది. దోమలకి ఇక్కడి నుంచే ఓడోమస్ ట్యూబులు నాలుగు పట్టుకెళ్ళాం, పగలు కూడా రాసుకోవాలి ఎందుకంటే ఈడిస్ కుట్టేది పగలే, మలేరియా దోమ రాత్రి డ్యూటీ.

ఇన్సూరెన్సు గురించి ఎక్కువ రాయను, 3 మార్కుల సరుకు. ఆన్‌లైన్‌లో ఫారం నింపుతుంటే షుగర్, బీపీ ఉన్నాయా అని అడిగింది, నింపడానికి సాయం చేస్తానని ఫోన్ చేసిన అబ్బాయి "లేదు అని పెట్టెయ్యండి మేడం ప్రీమియం తగ్గుద్ది" అన్నాడు. అలా పెట్టి రేపు క్లెయిం వస్తే చేతులెత్తేసేది ఎవరు? ఉన్నవి ఉన్నట్టు రాశా, ప్రీమియం పెరిగింది, పెరగనీ. పాలసీ కాగితాల్లో మీరు వెతకాల్సిన ముక్క, ముందు నుంచి ఉన్న జబ్బు వల్ల ప్రాణం మీదకి వస్తే ఎంతవరకు ఇస్తారు, అక్కడి నుంచి విమానంలో తరలించాల్సి వస్తే ఖర్చు ఎవరిది. మారా లాంటి చోట పెద్దాస్పత్రి ఉండదు, ఏమన్నా అయితే నైరోబీకి చిన్న విమానంలో తేవాల్సిందే. దానికోసమే 1957 నుంచి ఫ్లయింగ్ డాక్టర్స్ అని ఒక సర్వీసు ఉంది, ఇప్పుడు ఆమ్రెఫ్ పేరుతో నైరోబీలోని విల్సన్ ఎయిర్‌పోర్టు నుంచి నడుస్తుంది, సభ్యత్వం విడిగా కూడా తీసుకోవచ్చు, అన్నయ్య మా ఇద్దరికీ అది తీసుకున్నాడు. వాడుకోవాల్సిన అవసరం రాలేదు, వచ్చి ఉంటే ఇన్సూరెన్సుకి మార్కులు పెరిగేవో తగ్గేవో మరి. అక్కడి ఎమర్జెన్సీ నంబర్లు 999, 112 అమ్మ ఫోన్‌లో సేవ్ చేసి, పర్సులో కాగితం మీద కూడా రాసిపెట్టా.

మందుల సంచి: అమ్మ రోజువారీ మందులు 24 రోజులకి కాదు, 35 రోజులకి సరిపడా, స్ట్రిప్పులతోనే, డబ్బాల్లోకి మార్చకుండా, చీటీతో సహా హ్యాండ్ బ్యాగులో. పెద్ద పెట్టె ఎక్కడో చిక్కుకుంటే షుగర్ మాత్ర ఎవరిస్తారు? ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పది, థర్మామీటరు, షుగర్ చూసుకునే మిషను. ఇంకో ముఖ్యమైనది, కెన్యాలో ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు 2017 ఆగస్టు నుంచి నిషేధం, జరిమానా కూడా గట్టిగానే. అమ్మేమో ఆవకాయ సీసాకి, గోంగూర పచ్చడికి, అరిసెలకి, దేనికది నాలుగేసి కవర్లు చుట్టి పెట్టింది. ముందు రోజు రాత్రి అవన్నీ విప్పి గుడ్డ సంచుల్లో సర్దాం, పాత చీర ఒకటి చించాల్సి వచ్చింది, ఆ చీర సంగతి ఇంకా నడుస్తోంది మా ఇంట్లో.

ప్రయాణం బాగా జరిగింది, సింహాల్ని చూశాం, అమ్మ వాటికంటే అక్కడి టమాటాలు బాగున్నాయంది. తిరుగు ప్రయాణంలో ముంబైలో దిగాక ఇమిగ్రేషన్ కంటే ముందే ఆరోగ్య శాఖ వాళ్ళ బల్ల. మా ముందు ఒకాయన ఫోన్‌లో కార్డు ఫొటో చూపిస్తే పక్కన కూర్చోమన్నారు. మా వంతు వచ్చింది, ఆయన అమ్మ పసుపు పుస్తకం తెరిచాడు, పాస్‌పోర్టు చూశాడు, ఇంటిపేరు మీద వేలు పెట్టి ఒక్క క్షణం ఆగాడు, తిరిగి ఇచ్చేశాడు. మూడు సెకన్లు. "దీనికా ఇంత చేశావు" అంది అమ్మ, పుస్తకాన్ని షిర్డీ విభూతి ఉన్న అరలో పెట్టుకుంటూ.

వచ్చి రెండు వారాలైంది. డాక్సీ బిళ్ళలు ఇవాళ్టివి పోను ఇంకా చెరి 11 ఉన్నాయి, జ్వరం గిరం వస్తే కెన్యా వెళ్ళొచ్చామని ముందే చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి అని కూడా డాక్టరు గారు చెప్పి పంపారు. ఎవరికైనా సెంటరులో టోకెన్ల టైమింగు గురించి గానీ ఫారం గురించి గానీ డౌట్లుంటే కింద అడగండి, రాత్రి తొమ్మిదిన్నర తర్వాత రిప్లై ఇస్తా, అంతవరకు అమ్మకి కబుర్లు చెప్పే డ్యూటీ ఉంది.